జస్విత గారి గది రంగు

అక్టోబరు 7

పద్నాలుగో గదికి ఈ రోజు కొత్త నోటుపుస్తకం మొదలుపెట్టాను. పాతది పదకొండు నెలలు రాశాను. అందులో ఏ పేజీ తిప్పినా చివర ఒకటే మాట: "పలుకు లేదు."

తరవాత ఎవరైనా ఈ పుస్తకం చదవాల్సి వస్తే వాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు పేరంటాలు. వాడలంకలోని జ్ఞాపకాల ఇంట్లో గదులకు రంగులు కుదర్చడం నా ఉద్యోగం. మతిమరుపు ముదిరి మాట కూడా పోయిన పెద్దవాళ్ళు ఇక్కడ ఉంటారు. వాళ్ళు చిన్నప్పుడు పడుకున్న గది ఏ రంగులో ఉండేదో కనుక్కుని, ఇప్పటి గోడలకు అదే రంగు తెప్పిస్తాను. గోడల మీద పల్చటి రంగుపొర ఉంటుంది. ఏ రంగు కావాలంటే ఆ రంగుకు తిప్పుకోవచ్చు. సముద్రపు గాలికి దాని మీద ఉప్పు పేరుకుంటుంది కనుక పొద్దున్నే తడిబట్ట పెట్టి తుడవడం కూడా నా పనే.

రంగు సరిగ్గా కుదిరితే మనిషి తిరిగొస్తారు. ఒక పూటకో, ఒక వారానికో. మూడో గదిలో ఉన్న పడవల మేస్త్రి రెండేళ్ళు నోరు విప్పలేదు. ఆయన పెరిగిన గదికి సున్నం కూడా వెయ్యలేదని, వట్టి ఇటుక గోడలని తెలిసి ఆ ఎరుపు పెట్టాను. మూడో రోజు పొద్దున "తలుపెయ్యండే, కుక్క లోపలికొస్తాంది" అని కేక పెట్టాడు. అందరం పరిగెత్తుకెళ్ళాం.

అందుకే ఊళ్ళో తల్లులు నన్ను దారిలో ఆపి, "మా పాప గదికి ఏ రంగేస్తే డాక్టరవుద్దండీ?" అని అడుగుతుంటారు. తెలియదంటే దాస్తున్నాననుకుంటారు. రెండొందల పైచిలుకు గదులు కుదిర్చాక నాకు అర్థమైంది కొంచెమే. చిన్నప్పుడు కళ్ళు తెరవగానే రోజూ చూసిన రంగు మనిషి అడుగున ఎక్కడో మిగిలిపోతుంది. దానితో ఆ మనిషి ఏం చేసుకున్నదీ గోడ చెప్పదు.

పద్నాలుగో గదిలో ఉండే జస్విత గారికి ఎనభై ఆరేళ్ళు. పేరు వింటేనే ఏ కాలం మనిషో తెలిసిపోతుంది. ఈ జ్ఞాపకాల ఇంట్లో ఉన్న ముసలమ్మలందరూ జస్వితలు, హన్వికలే. పేరంటాలు లాంటి పేర్లు మా తరంలో మళ్ళీ వచ్చాయి. సముద్రాన్ని ఆపే పెద్దగట్టుకు నమూనా గీసింది ఆవిడే, కట్టించింది ఆవిడే, ముప్పై ఒక్క ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్నదీ ఆవిడే. పోటు మీదున్న సముద్రం కంటే మా వీధులు రెండు నిలువుల పల్లంలో ఉన్నాయి. నేను పుట్టిన దగ్గర్నుంచి ఒక్క రోజు కూడా మా గడప దాటి నీళ్ళు లోపలికి రాలేదు. ఆవిడ గది తుడిచేటప్పుడు నేను చెప్పులు బయటే విప్పుతాను. అది ఇక్కడి నియమం కాదు, నా అలవాటు.

ఆవిడ ఏమీ మాట్లాడదు. వాన చినుకు పడితే మాత్రం కుడిచెయ్యి పైకెత్తి, అరచేత్తో గాలిని నెమ్మదిగా తోస్తుంది. లేపమని అడుగుతోందేమోనని నర్సులు పట్టుకుని కూర్చోబెడతారు. అయినా తోస్తూనే ఉంటుంది.

ఈ మధ్యాహ్నం గట్టు ఇంజనీరు గవర్రాజు వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. తడిసిన ప్యాంటుతోనే ఆవిడ కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"మాట్లాడతారాండీ?" అని నన్నడిగాడు.

"పదకొండు నెలలైందండి."

"వింటారా?"

"తెలీదు. మీరు చెప్పండి."

అతను పైఅధికారికి చెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పాడు. "అమ్మా, ఆరో గేటు బిగుసుకుపోయిందండి. మరమ్మతుకి సామాను ఓడలో రావాలి, సంక్రాంతి దాటుద్దంటన్నారు. మొన్న దాని పక్క రెండు గేట్లూ ఎత్తి చూశాం. స్తంభం రెండు వేళ్ళ మందం ఒరిగింది. ఎమ్మటే దించేశామండి. పన్నెండు రోజుల్లో వాయుగుండం వస్తాంది. ఏ వరసలో ఎత్తాలో మాకు తెలీటం లేదమ్మా."

ఆవిడ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది.


అక్టోబరు 8

గవర్రాజు నిన్న వెళ్ళే ముందు వరండాలో నాకు అంతా విడమరిచి చెప్పాడు. మర్చిపోకముందే రాసుకుంటున్నాను.

గట్టుకు పదకొండు గేట్లు. ఊళ్ళో కురిసిన వాననీరంతా గట్టు లోపల చేరుతుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, అంటే పాటులో, గేట్లెత్తి దాన్ని బయటికి వదలాలి, మళ్ళీ పోటెత్తకముందే దించెయ్యాలి. దీనికి నాలుగు గంటలు కూడా ఉండదు. అన్ని గేట్లూ పనిచేస్తే యంత్రమే చూసుకుంటుంది. నడిమి గేటు ఒక్కటి మొండికేసిందంటే నీరు ఊగి ఒక పక్కకు విరుచుకుపడుతుంది. స్తంభాలు నిలబడింది బంకమన్నులో. ఒక స్తంభం పోతే గట్టు పోతుంది.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట సరిగ్గా ఇలాగే జరిగింది. జస్విత గారు అప్పుడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నారు. అప్పటి రిజిస్టరులో లస్కరు రాసిన వాక్యం గవర్రాజుకు కంఠతా వచ్చు: "అమ్మగారు ఫోనులో చెప్పిన వరసలో గేట్లు ఎత్తాము. గట్టు నిలిచినది." ఆ వరస ఏమిటో మాత్రం రాయలేదు. గేట్లెత్తే లస్కర్లలో ఆ నాటివాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

"యంత్రాన్నడిగితే?" అన్నాను.

"పొద్దున ఒక జవాబిస్తాంది, సాయంత్రం ఇంకోటిస్తాందండి. రెండూ ఒకదానికొకటి పడవు."

జస్విత గారి కాగితాల్లో "చిన్ననాటి గది రంగు" అన్నచోట ఆవిడే స్వయంగా "ఆకుపచ్చ" అని రాశారు. ఏడేళ్ళ కిందట, మతిమరుపు అప్పుడప్పుడే మొదలై ఇక్కడ చేరిన రోజున, నిలకడైన దస్తూరీతో రాశారు. ఈ రోజు నాలుగు రకాల పచ్చలు తిప్పి చూశాను. లేత అరటాకు, పాచి, చిలక, మునగాకు. ఆవిడ మునగాకు పచ్చను కాసేపు చూసి కళ్ళు మూసుకుంది.

ఆవిడ రాసిన రంగు మీదే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. పదకొండు నెలల కిందటే రావాల్సిన అనుమానం.


అక్టోబరు 11

తీగ మీద వేలాడుతూ వెళ్ళే తీగబండి ఎక్కి మెట్టూరు వెళ్ళొచ్చాను. జస్విత గారి తమ్ముడు లోహిత్ గారు అక్కడ ఉంటారు. పశువుల డాక్టరుగా చేసి మానేశారు, ఎనభై రెండేళ్ళు. నేను వెళ్ళేసరికి పెరట్లో ఒక మేక డెక్క గోకుతూ కనిపించారు.

"పచ్చ గదా?" అని నవ్వారు. "మాకు గదెక్కడిదమ్మా! పెద్ద వరదకి ఊరు పోయాక సహాయ శిబిరంలో పెరిగాం. నీలం టార్పాలిను డేరా. రెండేళ్ళ నాలుగు నెలలు. అక్కకి అప్పుడు ఎనిమిదేళ్ళు, నాకు నాలుగు."

"మరి ఆవిడ ఆకుపచ్చని ఎందుకు రాశారండీ?"

ఆయన కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నారు. "పెద్దయ్యాక అమ్మకి అక్క కట్టించిన ఇంటికి పచ్చ రంగేయించింది. ఎలాంటి గదిలో పెరగాలనుకుందో అది రాసుంటదమ్మా. అక్క ఇంట్లో నువ్వు నీలం చూడవు. చీర కూడా కొనదు."

నేను గేట్ల సంగతి చెప్పాను. ఆ రంగు పెట్టడానికి ఆయన ఒప్పుకోవాలని అడిగాను. కుటుంబం సంతకం లేకుండా రంగు మార్చకూడదు.

"ఆ డేరాలోకి మళ్ళీ పంపుతావా మా అక్కని?" అన్నారు. గొంతు పెంచలేదు. "వాన పడితే చలి, ఎండ కాస్తే ఉడుకు. బురద. పక్క డేరాలో ఎవరో ఒకరి ఏడుపు. జీవితమంతా కష్టపడి బయటికొచ్చింది దాన్నుంచే కదా."

నేను లేచి చెప్పులేసుకుంటుంటే ఆయనే పిలిచి సంతకం పెట్టారు. "ఊరి కోసం పెడుతున్నాను. అక్కయితే అడక్కుండానే పెట్టేది. దానికి ఇష్టం లేదని తెలిస్తే మాత్రం ఆ పూటే తీసెయ్యి."


అక్టోబరు 13

నిన్న పొద్దున పద్నాలుగో గది నాలుగు గోడలూ నీలం చేశాను. ఒక గంట ఆవిడ కదల్లేదు. తరవాత మొహం తిప్పుకుంది. ఎటు తిప్పినా నీలమే ఉండేసరికి చీర చెంగు మొహం మీదికి లాక్కుంది. మధ్యాహ్నం గంజి ముట్టలేదు, రాత్రి ముట్టలేదు. ఈ ఉదయం కూడా చెంచా దగ్గరికి పెడితే పెదాలు బిగించింది.

డాక్టరు కాంతమ్మ గారు నన్ను బయటికి పిలిచారు. "రంగు మార్చెయ్యండి పేరంటాలూ. ఊరు మునుగుతుందని ఒక మనిషిని హింసపెట్టే హక్కు మనకి లేదు."

మార్చేశాను. పచ్చ రాగానే ఆవిడ చెంగు తీసింది. గంజి రెండు చెంచాలు తాగింది. నేను ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాను. ఆవిడ నన్ను చూడలేదు.

వాయుగుండం బలపడిందని కబురు. పన్నెండు రోజులన్నది ఇప్పుడు ఆరు.


అక్టోబరు 14

లోహిత్ గారు చెప్పాపెట్టకుండా వచ్చేశారు. సంతకం పెట్టిన దగ్గర్నుంచి నిద్ర పట్టలేదట. నేను జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమన్నాను. ఆయన గది మధ్య నిలబడి, ఎలా పెట్టానో చూపించమన్నారు. ఆవిడను వరండాలో కూర్చోబెట్టి ఒక్క నిమిషం నీలం చేసి చూపించాను.

ఆయన వెంటనే తల అడ్డంగా ఊపారు. "ఇది కాదమ్మా. మా డేరాకి గోడలేవి? మూడు వైపులా గోనెపట్టాలు. నీలం పైన ఒక్కటే. ఎండ దాంట్లోంచి దిగేది. మా చేతులు నీలం, అమ్మ మొహం నీలం, కంచంలో అన్నం నీలం. గిన్నెలో నీళ్ళు కూడా. నువ్వు పెట్టింది గోడకి రంగు. మాది వెలుతురు."

ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. గోడలే చూశాను.


అక్టోబరు 15

టార్పాలిను ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్లాస్టిక్ తయారీ ఆపి యాభై ఏళ్ళు దాటింది. చేపల రేవులో అడిగాను, పాత సామాన్ల వీధిలో అడిగాను. గవర్రాజుకు ఫోను చేసి, "వెనక వైపు వెండిరంగులో ఉంటదట, అంచుకి తాళ్ళు కట్టే చిల్లులుంటాయట" అని చెప్పాను. 

"గట్టు షెడ్డులో పాత మోటారు మీద కప్పుంటదండి అలాంటిది. రోజూ చూస్తన్నాను," అన్నాడు. సాయంత్రానికల్లా సైకిలు బండి మీద వేసుకొచ్చాడు. రెండు చోట్ల చిరిగింది, నూనె మరకలు. కడిగి ఆరేశాం.

ఈసారి ఆవిడ మీద ఏదీ మోపకూడదని నేను, కాంతమ్మ గారు, లోహిత్ గారు అనుకున్నాం. గదిలో కాదు, పెరటి వైపు ఆరుబయట కడతాం. ఆవిడ కుర్చీ వరండాలోనే ఉంటుంది. రావాలో వద్దో ఆవిడే చూసుకుంటుంది.


అక్టోబరు 16

పది వెదురు గుంజలు రెండు వరసల్లో పాతి టార్పాలిను కట్టాం. లోహిత్ గారు ఎత్తు చెప్పారు: "ఇంకా కిందికి. అమ్మ వంగి వచ్చేది." కింద చాప పరిచాం. పదిన్నరకు మబ్బు విడి ఎండ వచ్చింది. చాప నీలమైంది.

జస్విత గారు వరండాలోంచి చూశారు. అరగంట చూశారు. నేను వంద చిన్న పనులు కల్పించుకుని అక్కడక్కడే తిరిగాను. అప్పుడు ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. ఆరు నెలలుగా ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవని మనిషి. నర్సు ముందుకు కదలబోతే కాంతమ్మ గారు ఆపారు. మెట్టు దిగి, గోడ పట్టుకుని, గుంజ పట్టుకుని, తల వంచి లోపలికి వెళ్ళారు. ఆవిడ తన చెయ్యి మొహం ముందు పెట్టుకుని చూసుకున్నారు. చెయ్యి నీలంగా ఉంది. తిప్పి మళ్ళీ చూసుకున్నారు.

తరవాత పైకి చూసి, ఇంతకుముందే మాట్లాడి ఆపినట్టుగా అన్నారు: "తాడు వదులుగా ఉంది. ఎవరు కట్టారిది?"

కట్టింది నేనే. ఏడుస్తూ వెళ్ళి బిగించాను.


అక్టోబరు 17

పొద్దున నుంచి జల్లులు. ఆవిడ రాత్రి గదిలో పడుకుని, లేవగానే డేరా కావాలన్నట్టు చెయ్యి చూపించారు. గవర్రాజు వచ్చేసరికి టార్పాలిను మీద వాన నిలిచి, నాలుగైదు చోట్ల పెద్ద బొజ్జల్లా కిందికి వేలాడుతోంది.

"కర్ర ఏదీ?" అన్నారు జస్విత గారు. చీపురు కర్ర ఇచ్చాను.

ఆవిడ కర్ర తీసుకుని నీటి బొజ్జ కింద ఆనించి నెమ్మదిగా పైకి తోశారు. అదే తోపు! ఇన్నాళ్ళూ వానొస్తే ఖాళీ చేత్తో ఆవిడ చేస్తున్నది ఇదే. అంచు మీంచి నీళ్ళు జారిపోయాయి. గవర్రాజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తరవాత "ఇది ఆరో గేటనుకోండి," అని డేరా వెనక్కి వెళ్ళి, ఒక వరసలో నడిమి గుంజకు కట్టిన తాడు కోసేశాడు. టార్పాలిను ఆ వైపు జారి, నీళ్ళన్నీ నడిమికి ఉరికాయి. పక్క గుంజలు వంగాయి.

అతను పరిగెత్తుకొచ్చి ఆ నడిమి బొజ్జనే తొయ్యబోయాడు.

"ఒరేయ్! ముట్టుకోకు!" ఆ కేకకు నేను కూడా వెనక్కి తగ్గాను. "నడుమ తెగింది కదా! అక్కడ తోస్తే పక్క గుంజలు పోతయ్. పైనుంచి మొత్తం మన నెత్తిన పడుద్ది."

"మరెక్కడ తొయ్యాలమ్మా?" అన్నాడు గవర్రాజు.

"ఆ చివర. కొంచెం." తోశారు. ఒక గిన్నెడు నీళ్ళు జారాయి. మిగతా నీరంతా ఊగింది. ఆవిడ ఆగారు. కర్ర కిందికి దించి, దగ్గరున్న గుంజకు అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఇప్పుడు ఈ చివరా?"

"ఆగు. నీళ్ళు ఊగుతున్నయ్."

"ఎంతసేపాగాలమ్మా?"

ఆవిడ అతని చెయ్యి లాగి గుంజ మీద పెట్టారు. "వణుకుతోందా? వణుకుతున్నప్పుడు తోస్తే ఇరుగుద్ది. తగ్గాక ఇంకో చివర."

ఒక చివర, ఆగడం, ఇంకో చివర, ఆగడం. దూరం నుంచి లోపలికి వచ్చారు. తాడు తెగిన చోటు పక్కవి మాత్రం చివర్న, మిగతా బరువంతా దిగాక, సగం సగం తోశారు. నేను ఒక్కటి వదలకుండా రాశాను. ఎనిమిదేళ్ళ పిల్ల రెండు వానాకాలాలు నిద్ర మానుకుని నేర్చుకున్న విద్య అది. ఆ తరవాత అదే విద్యతో సముద్రానికి గట్టు కట్టింది.

వాన పెరిగింది. లోహిత్ గారు తల వంచి డేరాలోకి వచ్చారు. నిన్నటి నుంచీ బయటే నిలబడ్డారు. జస్విత గారు ఆయన్ని భుజం పట్టి మూలకు నెట్టారు. "లోహీ, అటు పడుకో. ఇటు కారుద్ది."

ఆయన ఆ మూల కూర్చుని పైకి చూశారు. ఒక్క చుక్క పడటం లేదు. ఆవిడ నిలబడ్డ చోట చిరుగులోంచి ధార పడుతోంది.

"రెండేళ్ళూ నాది ఈ మూలేనమ్మా," అన్నారు నాతో. "మూలకి నెట్టేసి చోటంతా తనే తీసుకుంటుందని అమ్మకి చాడీలు చెప్పేవాణ్ణి." ఆయన అక్క చెంగు అందుకుని తడిసిన ఆవిడ తల తుడవడం మొదలుపెట్టారు.


అక్టోబరు 18

గవర్రాజు ఫోను చేశాడు. యంత్రానికి ఇంతవరకు అందరూ వరస మాత్రమే చెప్పారట. గేటుకూ గేటుకూ మధ్య నీరు నిలకడయ్యేదాకా ఆగమని ఎవరూ చెప్పలేదట. ఆ ఒక్కటీ చేర్చగానే రెండు జవాబులూ ఒకటయ్యాయి.

"ఆగితే స్తంభం నిలుస్తదండి. కానీ పాటుకి ఉన్నది మూడు గంటల యాభై నిమిషాలు. ఆగుతూ కూర్చుంటే నీళ్ళన్నీ వెళ్తాయో లేదో యంత్రం సగం సగమే చెప్తాంది." తరవాత, "మీరు రేపు గట్టు మీదికి రాగలరాండీ? టైములు రాసేవాళ్ళు కావాలి. మీరు ఒక్కటీ వదలరు," అన్నాడు.


అక్టోబరు 19, గట్టు మీద

ఉదయం 10.20. పాటు మొదలైంది. మూడు రోజులుగా ఎడతెగని వాన. దిగువ వీధుల్లో నీళ్ళు నడుముదాకా వచ్చాయి. జనం మేడల మీద ఉన్నారు. ఒకటో గేటు సగం ఎత్తారు. స్తంభం వణుకు నా కాళ్ళకే తెలుస్తోంది. గవర్రాజు ఆరో గేటు స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

10.34. వణుకు తగ్గింది. పదకొండో గేటు.

10.51. రెండు. 11.03. పది.

11.25. మూడో గేటు ఎత్తాక వణుకు తగ్గడం లేదు. పెద్ద ఇంజనీరు గారు ఫోనులో అరుస్తున్నారు: "టైము పోతోందయ్యా! మిగతావన్నీ ఒకేసారి ఎత్తెయ్!" గవర్రాజు చెయ్యి తియ్యకుండా, "తగ్గలేదండి," అన్నాడు. లస్కర్లు అతని మొహమే చూస్తున్నారు.

11.48. ఇంకా తగ్గలేదు. ఫోను మళ్ళీ. "తగ్గలేదండి."

11.56. తగ్గింది. తొమ్మిదో గేటు. ఈ ముప్పై ఒక్క నిమిషాలు ఎలా గడిచాయో రాయలేను.

12.10. నాలుగు. 12.27. ఎనిమిది. నీళ్ళు బయటికి గోధుమరంగులో పరుచుకుని పోతున్నాయి. అటు చివర లస్కరు మట్టం కొలిచి కేక పెట్టాడు: రెండు అడుగులు తగ్గింది!

1.05. ఐదు, ఏడు గేట్లు, సగం. ఆరో గేటు స్తంభం ఒక వేలి మందం ఒరిగింది. అందరం చూస్తూ నిలబడ్డాం. అక్కడే ఆగిపోయింది.

2.10. పోటు. గేట్లన్నీ దించారు. దిగువ వీధుల్లో నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి. గట్టు నిలిచింది. గవర్రాజు స్తంభం దగ్గరే కూలబడి, ఆ అరచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాడు. ఒక లస్కరు టీ తెచ్చి అతని రెండో చేతిలో పెట్టాడు.


అక్టోబరు 21

మరో రెండు పాట్లకు అదే వరసలో ఎత్తారు. వాన పల్చబడింది.

జస్విత గారు రోజురోజుకూ వెనక్కి వెళ్ళిపోతున్నారు. నిన్న గవర్రాజు పళ్ళు తీసుకుని కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టలేదు. అతను సాష్టాంగపడితే, "బురద కాళ్ళతో చాప తొక్కకు," అన్నారు. అతను నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

టార్పాలిను తీసేద్దామా అని కాంతమ్మ గారు లోహిత్ గారిని అడిగారు. తీగబండి తిరక్క ఆయన ఇక్కడే ఉండిపోయారు. "నేను దాన్ని నరకమనే మోసుకు తిరిగాను," అన్నారాయన. "అక్క మోసింది వేరే. పక్క మీద తడి, నెత్తి మీద నీళ్ళ బరువు, వాటితో పాటు నన్ను. ఉండనివ్వండి. చాలంటే అక్కే బయటికి వచ్చేస్తుంది."


అక్టోబరు 22

పొద్దున వాన పూర్తిగా వెలిసింది. ఏడు గంటలకు ఎండ వచ్చింది. నేను పెరట్లో ఆరేసిన పక్కబట్టలు తీస్తున్నాను. అక్కాతమ్ముళ్ళు తెల్లవారుజాము నుంచి డేరాలోనే ఉన్నారు. ఆవిడ కూర్చుని, ఆయన మూల పడుకుని. టార్పాలిను మీద మిగిలిన నీళ్ళలోంచి వెలుతురు దిగి ఇద్దరి మీదా నీలంగా కదులుతోంది.

జస్విత గారు ఆయన్ని కుదిపారు. "లోహీ, లెగరా. వానెలిసింది. నీళ్ళ ట్యాంకరొస్తుంది. లైనులో ముందుండాలి."

ఆయన కళ్ళు తెరిచారు. మోకాళ్ళు పట్టుకుని కష్టపడి లేచారు. చాప దగ్గరున్న చెంబు చేతికి తీసుకున్నారు. "పద అక్కా," అన్నారు.

ఇక్కడ ఎవరూ లైనులో నిలబడనక్కర్లేదు. నీళ్ళైనా కాఫీ అయినా గదుల్లోకే వస్తాయి. ఇద్దరూ మాత్రం వంగి డేరాలోంచి బయటికొచ్చి, మెట్టెక్కి, వంటగది కిటికీ ముందు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆవిడ ముందు, ఆయన వెనక. ఆయన తప్పిపోకుండా ఆవిడ చెయ్యి వెనక్కి చాపి ఆయన మణికట్టు పట్టుకుంది. వంటమనిషి కిటికీలోంచి చూసి ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూసింది.

నేను పక్కబట్టలు తీగ మీదే వదిలేసి వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను.